ఈ వారం దగ్గు సూచన

రేవటిపాడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఆవరణలో, నీళ్ళ ట్యాంకుకీ సైకిల్ స్టాండుకీ మధ్య, ఎవరో మనుషులు వచ్చి ఒక తెల్ల పెట్టెను నాటి వెళ్ళారు. నాలుగు ఇనప కాళ్ళు, పక్కలకి కిటికీ రెక్కల్లాంటి చీలికలు, నెత్తిన సోలార్ పలక, చుట్టూ కంచె. నర్సు నూకరత్నం అది తేనెటీగల పెట్టె అనుకుని కొన్నాళ్ళు దూరం దూరంగా నడిచింది. సంతకొచ్చినవాళ్ళు ఏదో అమ్మవారిని నిలబెడుతున్నారనుకుని కంచెకి పసుపు రాసి పోయారు. అది వాతావరణ యంత్రమని, చలినీ వేడినీ గాలిలో తేమనీ గంటగంటకీ రాజధానికి చేరవేస్తుందని డాక్టర్ గొర్లె హైమావతికి వీడియో కాన్ఫరెన్సులో తెలిసింది.

ఆ కేంద్రానికి ఆవిడే డాక్టరు. పని తెలిసిన మనిషి. కోపం తక్కువ, మెమోలంటే భయం ఎక్కువ. బడిలో చేరిన నాటినుంచీ ఒక్క పరీక్షా తప్పకపోవడం వల్ల ఆమెకి తిట్లు తినే అలవాటు లేదు. ‘సంజాయిషీ’ అనే మాట కాగితం మీద కనబడితే చాలు, ఆ పూట అన్నం సహించేది కాదు.

ఆ కాన్ఫరెన్సు పెట్టింది ఋతురోగ సమన్వయ విభాగం. అలాంటి విభాగం ఒకటుందని ఎవరికీ తెలియదు. తెలియకపోవడంలో వాళ్ళ తప్పేమీ లేదు, అది ఆ నెలలోనే పుట్టింది. దాని సంచాలకులు డాక్టర్ పరాంకుశరావు ఏదో మంచు దేశంలో సదస్సుకి వెళ్ళి, అక్కడ జలుబు చేసి, ఆ జలుబుతోపాటు ఒక ఆలోచన కూడా వెంటతెచ్చుకున్నారు. జలుబు తగ్గింది.

“మిత్రులారా!” అన్నారు తెర మీద పరాంకుశరావు, మెడకి ఉన్ని మఫ్లరుతో. “ఇంతకాలమూ రోగము తన ఇష్టము వచ్చినట్లు సంచరించినది. ఇకపై సంచరింపజాలదు. చలి పెరిగిన శ్వాసకోశ వ్యాధులు పెరుగును. గాలిలో తేమ తగ్గిన సూక్ష్మజీవి ఎక్కువ సేపు జీవించును. ఇది శాస్త్రము. ఈ శాస్త్రమును మనము పరిపాలనగా మార్చుచున్నాము.”

ఇక ప్రతి సోమవారం ఉదయం దగ్గు సూచన వెలువడుతుంది. ఏ కేంద్రం పరిధిలో ఎంతమందికి దగ్గు రాబోతోందో, ఎంతమందికి జలుబో, ఎంతమందికి నెమ్ముజ్వరమో, పెట్టె పంపిన వాతావరణాన్ని బట్టి కంప్యూటరు లెక్కగడుతుంది. సరిగ్గా అంతమందికి చాలినన్ని మందులు విడుదలవుతాయి.

నిజం చెప్పాలంటే హైమావతికి ఇది బాగానే నచ్చింది. చలికాలంలో దగ్గులు పెరుగుతాయన్నది ఆమె ఏటా కళ్ళారా చూస్తున్న సంగతే. చలిగాలికి జనం తలుపులు బిగించుకుని ఒకే గదిలో పడుకుంటారు, ఒకరి ఊపిరి ఒకరు పీలుస్తారు. మందులేమో జబ్బు ఊరు దాటిపోయాక తీరిగ్గా వచ్చేవి. ముందే వస్తాయంటే అంతకన్నా ఏం కావాలి?

ధనుర్మాసంలో మొదటి సూచన వచ్చింది. నూకరత్నం ఫోనులో చూసి పైకి చదివింది.

“రేవటిపాడు: ఓ మోస్తరు నుంచి భారీ దగ్గు. అక్కడక్కడ తుమ్ములతో కూడిన జలుబు. రోగులు ఎనభైమంది.”

మందులు కూడా ఎనభైమందికి వచ్చాయి. రోగులే రాలేదు. పైర్లు కోతకొచ్చి జనమంతా పొలాల్లో ఉన్నారు. వారం తిరిగేసరికి దగ్గుతో వచ్చినవాళ్ళు పాతికమంది. హైమావతి పాతిక అని రాసి పంపి, ఊళ్ళో ఆరోగ్యం బాగుందని సంతోషించింది.

తరవాతి కాన్ఫరెన్సులో పరాంకుశరావు “రేవటిపాడు, నిలబడండి” అన్నారు. జిల్లాలో డాక్టర్లందరూ చూస్తుండగా హైమావతి నిలబడింది.

“మీ పరిధిలో ఎనభైమంది దగ్గవలసి ఉన్నది. పాతికమందిని మాత్రమే చూపినారు. మిగిలినవారు ఎక్కడ?”

“రాలేదు సార్. అంటే... వాళ్ళకి దగ్గు లేదు.”

“లేదని ఎవరు చెప్పినారు?”

“వాళ్ళే సార్.”

“రోగి మాట పట్టుకుని రోగనిర్ధారణ చేయుదురా?” పరాంకుశరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “అమ్మా, సూచన ఎన్నడూ తప్పదు. తప్పేది అమలు. మీ ప్రజలు దగ్గును దాచుకొనుచున్నారు. వెలికితీయుడు.”

మర్నాడు మెమో రానే వచ్చింది. ‘సూచించబడిన రోగులను సమకూర్చుటలో అలసత్వము వహించినందులకు సంజాయిషీ కోరడమైనది.’ హైమావతి ఆ పూట కూడా అన్నం తినలేదు. హెల్త్ సూపర్‌వైజర్ సూర్నారాయణని పిలిచి, ఆ మెమో అతని చేతిలో పెట్టి, “ఊళ్ళమ్మట వెళ్ళి చూడండి. నిజంగా దాచుకుంటున్నారేమో” అంది. ఆమెకి తెలుసు దాచుకోవడం లేదని. అయినా అంది.

సూర్నారాయణ, నూకరత్నం బండి వేసుకుని బయలుదేరారు. కళ్ళంలో ధాన్యం తూర్పారబడుతున్న తవిటమ్మ దగ్గర ఆగారు. తవిటమ్మకి డెబ్భై ఏళ్ళు పైమాట, ఊరందరికీ పెద్దమ్మ.

“దగ్గేటైనా ఉందా పెద్దమ్మా?” అన్నాడు సూర్నారాయణ.

“నేదు నాయినా.”

“పోనీ గొంతులో గరగర?”

“నేదంటన్నాను కాదేటి. నిక్షేపంలాగున్నాను.”

“ఒక్కసారి దగ్గి సూడు పెద్దమ్మా. ఒచ్చీసినా ఒచ్చీగలదు.”

తవిటమ్మ చేట దించి అతన్ని ఎగాదిగా చూసింది. “పని మానీసి దగ్గమంటావేటి? నీకేటైనా గాలి సోకిందా? ఏటే రత్నం, ఈడికి నువ్వైనా మందెయ్యవేటి?” అంది. అని నవ్వింది. ఆ నవ్వులో దుమ్ము గొంతుకడ్డం పడి రెండుసార్లు దగ్గింది. సూర్నారాయణ చటుక్కున పేరు రాసుకున్నాడు.

ఇలా ఒక్కొక్కరినీ నవ్విస్తూ పోతే సంక్రాంతి దాకా ఎనభై కారు. సంతకెళ్ళినప్పుడు అతనికి దారి దొరికింది. సంత మధ్యలో కారం మర ఉంది. ఎండుమిరపకాయలు ఆడించేవేళ దాని చుట్టుపక్కల నిలబడ్డ ప్రతి ప్రాణీ, ఆడా మగా, కొనేవాడూ అమ్మేవాడూ, దగ్గి తుమ్మి కళ్ళనీళ్ళు పెట్టుకోవలసిందే. సూర్నారాయణ ముక్కుకి తువ్వాలు కట్టుకుని మర పక్కన కుర్చీ వేసుకున్నాడు. మధ్యాహ్నానికి సూచన నెరవేరింది. తుమ్ములతో కూడిన జలుబు కూడా అక్కడక్కడ నమోదైంది.

“ఇంతమంది ఎక్కడ దొరికారు?” అంది హైమావతి.

“కారం మర కాడండి.”

హైమావతికి నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. తరవాత సంతకం పెట్టింది. ఆ వారం సూచన నూటికి నూరుపాళ్ళూ ఫలించిన కేంద్రంగా రేవటిపాడుకి జిల్లాలో మొదటి స్థానం వచ్చింది. ఆమెకి శాలువా కప్పారు. శాలువా భుజాల మీద ఉన్నంతసేపూ ఆమెకి ఒళ్ళంతా కారం పూసినట్టే ఉంది.

సంక్రాంతి ముందర చలి ముదిరింది. రాజధాని నుంచి కొత్త సర్క్యులర్ వచ్చింది. శీతల వాయువు రోగమునకు వాహనము కావున, ప్రభుత్వ వసతిగృహములన్నింటిలో కిటికీలు మూసి, అవి తెరుచుకోకుండునట్లు మేకులు కొట్టి, ఫొటో పంపవలెను. రేవటిపాడు బాలికల హాస్టలు వార్డెన్ మంగతాయారు పదహారు కిటికీలకీ మేకులు కొట్టించి, సుత్తి పట్టుకుని నిలబడి ఫొటో తీయించుకుంది.

చలి పోయింది. ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. శివరాత్రి నాటికే రోడ్డు మీద తారు మెత్తబడింది. సోమవారం సూచన వచ్చింది.

“రేవటిపాడు: ఆకాశం నిర్మలం. దగ్గు ఉండదు. ఒకటి రెండు చోట్ల గొంతు సవరించుకునే అవకాశం. రోగులు ముగ్గురు.”

మందులు ముగ్గురికి వచ్చాయి. ఆ రోజే నలభైమంది దగ్గుతూ వచ్చారు. ఇది కారం దగ్గు కాదు. ఒళ్ళు కాలిపోతోంది, కళ్ళు ఎర్రబడ్డాయి, రొమ్ములో పిల్లి కూస్తోంది. ఏదో విష జ్వరం ఎండనీ వాననీ అడక్కుండా ఊళ్ళోకి దిగింది.

విభాగానికి ఫోను చేస్తే సమాధానం సిద్ధంగానే ఉంది. సూచనకి మించి వచ్చినవారు అదనపు రోగులు. అదనపు రోగులకు మందులు కేటాయించు నిబంధన లేదు. వారు తమ దగ్గును తగిన వాతావరణం ఏర్పడువరకు వాయిదా వేసుకొనవలెను.

అదే సమయానికి పక్క మండలంలో గెడ్డవలస కేంద్రం నుంచి డాక్టర్ ఫల్గుణ ఫోను చేశాడు. వాళ్ళ ఊరు కొండ మీద ఉంది. పొద్దున్నపూట మంచు పడుతోంది. వాళ్ళకి అరవైమంది దగ్గాలని సూచన.

“మేడమ్, మాకు పన్నెండుమందే ఉన్నారు. మీ దగ్గర ఎగస్ట్రా ఉంటే పంపించరూ? మందులు గుట్టలుగా పడున్నాయి” అన్నాడు.

“ఆటోలో పంపిస్తే సరేనా?”

“మహారాజులా పంపండి. కాకపోతే మా కేంద్రంలోకి వచ్చాకే దగ్గమనండి. దారిలో దగ్గితే ఏ మండలం లెక్కో తెలియదు.”

అలా రోజూ నాలుగు ఆటోలు దగ్గేవాళ్ళని ఎక్కించుకుని కొండెక్కడం మొదలుపెట్టాయి. తవిటమ్మ మాత్రం ఎక్కనంది. నిజంగానే దగ్గుతోంది, నిలబడలేక గోడకి చేరబడింది.

“ధనుర్మాసంలో దగ్గు నేదంటే దగ్గమన్నారు. ఇప్పుడు దగ్గొచ్చి సచ్చిపోతంటే కొండెక్కి దగ్గమంటన్నారు. నా ఊర్లో నాను దగ్గుకునేదానికి కూడా నేదా, డాటరమ్మా?” అంది.

హైమావతి ఆ ముగ్గురి మందుల్లో ఒకరివి తవిటమ్మకి ఇచ్చింది.

హాస్టలు నుంచి కబురు వచ్చింది ఆ మర్నాడే. హైమావతి వెళ్ళేసరికి హాలు తలుపు తీయగానే వేడి గాలి, చెమట వాసన, దగ్గుల హోరు ఒక్కసారిగా మొహాన కొట్టాయి. తొంభైమంది ఆడపిల్లలు పక్కపక్కనే పరుపులేసుకుని పడుకునే హాలు. సగంమందికి జ్వరం. పదహారు కిటికీలకీ మేకులు అలాగే ఉన్నాయి.

“ఇంత ఎండలో కిటికీలు తియ్యలేదేంటండీ?” అంది హైమావతి.

మంగతాయారు కొంగుతో మొహం తుడుచుకుంది. ఆమెకీ జ్వరమే. “మేకులు కొట్టమని సర్క్యులర్ వచ్చింది మేడమ్. తియ్యమని రాలేదు. రెండుసార్లు రాశాను. తీస్తే శాస్త్రానికి విరుద్ధం అన్నారు.”

“సూర్నారాయణగారూ, తియ్యండి.”

“మరి కాయితం...”

“నేను చెప్తున్నాను. తియ్యండి.”

సూర్నారాయణ గునపం పట్టుకుని మొదటి కిటికీ ఊడబెరికాడు. రెక్క తెరుచుకుని వేపచెట్టు గాలి లోపలికొచ్చింది. కిటికీ కింద పడుకున్న పిల్ల అటు తిరిగి నోరు తెరిచి ఊపిరి తీసుకుంది. ఆ పిల్ల పేరు మల్లీశ్వరి, తొమ్మిదో తరగతి. పెదవులు నీలంగా ఉన్నాయి. ఆ పిల్లనీ, ఇంకో పిల్లనీ, కేంద్రంలో ఉన్న ఒకే ఒక్క ఆక్సిజన్ సిలిండరుతో సహా అద్దె జీపులో పట్నం ఆస్పత్రికి పంపింది. అంబులెన్సు ఏదీ అంటే, చలి ప్రాంతాలకి తరలించారు.

మిగిలిన పిల్లలకి మందుల్లేవు. ఇంకో నలుగురైదుగురికి ఊపిరి బరువెక్కుతోంది. హైమావతి ఈసారి ఏకంగా పరాంకుశరావుకే ఫోను చేసింది.

“సార్, నలభై ఆరుమంది పిల్లలు. నెమ్ము పట్టేలా ఉంది. సిలిండర్లు కావాలి, మందులు కావాలి.”

“మీ ఉష్ణోగ్రత ముప్పది ఎనిమిది అమ్మా, నా ఎదుట కనబడుచున్నది. ఈ ఉష్ణోగ్రతలో ఈ వారము మీ ప్రాంతమున నెమ్ముకు అనుమతి లేదు.”

“అనుమతి లేకపోయినా వచ్చింది సార్! కిటికీలు మూసి పెట్టడంతో ఒకరి నుంచి ఒకరికి అంటుకుంది. చలి ఒక్కటే కారణం కాదు. చలికాలంలోనైనా ఇలా మూసిన గదుల్లో...”

“ఆవేశపడవలదు. మీరు చూచుచున్నది పిల్లలను. నేను చూచుచున్నది సమాచారమును. మీ యంత్రము చలి అని చెప్పిన మరుక్షణము నేనేమి పంపుదునో చూడుడు. చెప్పనిదే చేతులు కట్టివేయబడినవి.”

ఫోను పెట్టేశారు. హైమావతి కేంద్రం వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడింది. ఎదురుగా ఎండలో తెల్ల పెట్టె మెరుస్తోంది. ఆమె దానికేసి చాలాసేపు చూసింది. భయం అనే వస్తువు ఎక్కడిదాకానో వెళ్ళి అక్కడ అయిపోతుంది కాబోలు. ఆమెకి అది అయిపోయిన చోటు ఆ వరండా.

“సూర్నారాయణగారూ,” అంది. “చేపల బజార్లో ఐసు దొరుకుతుందా?”

సూర్నారాయణ ఆవిడ మొహం చూశాడు, పెట్టె చూశాడు. బండి తీశాడు. అరగంటలో చేపల వ్యాను వెనక్కి వెనక్కి నడుచుకుంటూ ఆవరణలోకి వచ్చింది. ఊకలో పొదిగిన ఐసు దిమ్మలు దింపారు. కంచె ఊడదీసి, పెట్టె చుట్టూ దిమ్మలు పేర్చి, పైన తడి గోనెసంచులు కప్పారు. నూకరత్నం లోపల్నుంచి టేబుల్ ఫ్యాను తెచ్చి ఐసు మీదుగా గాలి కొట్టేలా పెట్టింది.

పెట్టె పక్కనున్న చిన్న తెర మీద అంకె దిగసాగింది. ముప్పై. ఇరవై. పదకొండు. ఆరు దగ్గర కాస్త తటపటాయించి నాలుగుకి వచ్చి నిలబడింది.

గంట తిరక్కుండా ఫోను మోగింది. పరాంకుశరావు గొంతులో పండగ.

“రేవటిపాడు! అక్కడ అతిశీతల గాలులా?”

“అవును సార్.” హైమావతి నుదుటి నుంచి చెమట ధారగా కారుతోంది. రెండు అరచేతులూ ఐసు సర్ది సర్ది కొయ్యబారాయి.

“పరిస్థితి ఎట్లున్నది?”

“చేతులు గడ్డకట్టుకుపోతున్నాయి సార్.”

“ధైర్యము! ధైర్యము! ప్రభుత్వము మీ వెంటనున్నది!”

కాసేపటికి ప్రత్యేక సూచన వెలువడింది. ‘రేవటిపాడు: అతిభారీ దగ్గు. రెడ్ అలర్టు. రోగులు ఐదువందలమంది.’ ఇక మొదలైంది రాక. ముందు రెండు అంబులెన్సులు వచ్చాయి. వాటి వెనక మందుల వ్యాను, ఆక్సిజన్ సిలిండర్ల లారీ, పట్నం నుంచి నలుగురు డాక్టర్లు. డాక్టర్లు స్వెట్టర్లు వేసుకుని దిగారు. దిగిన చోటే ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరూ ముందుగా స్వెట్టరు విప్పే సాహసం చేయలేదు.

ఐసు కరిగినప్పుడల్లా చేపల వ్యాను తిరిగి వచ్చేది. హాస్టలు హాల్లోనే మంచాలు వేసి, కిటికీలు బార్లా తెరిచి, పిల్లలకి వైద్యం సాగించారు. ఊపిరాడని పిల్లలకి ఆక్సిజన్ పెట్టారు. తహసీల్దారు చలి తీవ్రత దృష్ట్యా బడులకు సెలవు ప్రకటించారు. ఎవరో నాయకుడు లారీనిండా రగ్గులు తెచ్చి, నడినెత్తిన ఎండలో పంచిపెట్టాడు. జనం వాటిని తడిపి ఇంటి గుమ్మాలకి వేలాడదీసుకుని చల్లగా కూర్చున్నారు. చలిమంటలకని మంజూరైన కట్టెలు మాత్రం సూర్నారాయణ వంటకని హాస్టలుకి తోలించాడు.

నాలుగో నాడు పట్నం నుంచి నూకరత్నానికి ఫోను వచ్చింది. మల్లీశ్వరి లేచి కూర్చుందట. ఇడ్లీ తిని, చట్నీ బాగోలేదందట. రెండో పిల్లకి కూడా ప్రమాదం తప్పిందట. నూకరత్నం ఈ సంగతి చెబుతుంటే హైమావతి తల వంచుకుని ఏదో వెతుకుతున్నట్టు బల్ల సొరుగు లాగింది. అందులో ఏమీ లేదు. కొంచెంసేపు అలాగే వెతికింది.

ఆ మధ్యాహ్నమే పరాంకుశరావు స్వయంగా పరిశీలనకి వచ్చారు. కోటు, మఫ్లరు, కోతిటోపీ, చేతులకి ఉన్ని తొడుగులు. కారు దిగి రెండడుగులు వేసేసరికి మొహం బీట్‌రూట్ దుంపలా ఎర్రబడింది.

“చలి... తీవ్రముగా ఉన్నది” అన్నారు ఆయాసపడుతూ.

“చాలా తీవ్రంగా ఉంది సార్” అన్నారు వెంట వచ్చిన జిల్లా అధికారులు, ఒకరిని చూసి ఒకరు వణుకుతూ.

పరాంకుశరావు నేరుగా తన పెట్టె దగ్గరికి నడిచారు. దాని చుట్టూ గోనెసంచులు చూసి, చలికి యంత్రం పాడవకుండా కప్పారనుకుని, మెచ్చుకోలుగా తలాడించి, ఒక సంచి పైకెత్తారు. ఐసు ముక్కలు జారాయి. వాటితోపాటు ఒక చేప జారి ఆయన బూటు మీద పడింది.

“ఇదేమి?”

“కానాగంత సార్” అన్నాడు సూర్నారాయణ. అబద్ధం ఆడే అలవాటు అతనికి అంతగా లేదు.

“చేప అని నాకును తెలియును. ఇక్కడేల ఉన్నదని.”

హైమావతి ముందుకొచ్చింది. “ఐసుతో వచ్చింది సార్. చలి లేదు. పెట్టె చుట్టూ మేమే ఐసు పేర్చాం. పిల్లలకి మందులు కావాలని మిమ్మల్ని అడిగాను, మీరు యంత్రం చెప్పాలన్నారు. యంత్రం చేత చెప్పించాం. నేనే చెప్పాను చెయ్యమని. ఏం రాసుకుంటారో నా పేరు మీద రాసుకోండి.”

జిల్లా అధికారులు వణకడం మానేశారు. పరాంకుశరావు కోతిటోపీ తీసి చేత్తో పట్టుకుని, ఐసుకేసి, చేపకేసి, హాస్టలు వైపు నుంచి నడిచి వస్తున్న పిల్లలకేసి చూశారు. ఆయన మొహంలో ఏదో కదిలింది. ఆయనకి అర్థమవుతోందని హైమావతి అనుకుంది. ఇంకొక్క మాట చెబితే పూర్తిగా అర్థమవుతుందనుకుంది.

“సార్, జబ్బు ముందే ఉంది. వాతావరణం దాన్ని కొంత అటూ ఇటూ తిప్పుతుంది, అంతే. మనం చూడాల్సింది మనుషుల్ని...”

“ఆగుము!” పరాంకుశరావు చెయ్యెత్తారు. కళ్ళు మెరిశాయి. “యంత్రము వద్ద చలి కలిగించినారు. సూచన ఐదువందలకు పెరిగినది. అవునా?”

“అవును సార్, కానీ...”

“అనగా యంత్రమును చల్లబరచిన రోగము పెరిగినది. మరి, అమ్మా, యంత్రమును వేడిచేసిన?”

హైమావతి పిల్లలకేసి చెయ్యి చూపించబోయింది.

“ఇంతటి ప్రయోగము మంచు దేశములవారికి కూడ తట్టలేదు!” అంటూ పరాంకుశరావు ఆమె రెండు చేతులూ పట్టుకుని ఊపేశారు. చేపని తుడిచి, ఒక సంచిలో వేయించుకుని, ఆధారంగా కారులో పెట్టించుకుని వెళ్ళిపోయారు.

పది రోజుల్లో ఉత్తర్వులు వచ్చాయి. రాష్ట్రంలోని ప్రతి వాతావరణ పెట్టె పక్కనా ఒక బొగ్గుల కుంపటి నిరంతరం వెలుగుతూ ఉండవలెను. కుంపటికి ఒక మనిషిని నియమించడమైనది. అతని హోదా ఉష్ణ పరిరక్షకుడు. రేవటిపాడుకి ఆ ఉద్యోగం మీద గవరయ్య అనే నడివయసు మనిషి వచ్చి, పెట్టె పక్కన పీట వేసుకుని, విసనకర్రతో బొగ్గులు విసరడం మొదలుపెట్టాడు. పెట్టె అంకె నలభై ఆరు దాటి పైకి పోయింది. అన్ని జిల్లాల్లోనూ అంతే.

ఆ సోమవారం సూచన ఒక్క వాక్యమే. ‘రాష్ట్రమంతటా దగ్గు లేదు.’ రాజధానిలో సన్మాన సభ జరిగింది. శ్వాసకోశ వ్యాధులు పూర్తిగా నిర్మూలించబడినవని పరాంకుశరావు ప్రకటిస్తుంటే చప్పట్లు మోగాయి. వాటి మధ్య ఎవరో దగ్గారు గాని, అది సభలో జరగలేదని మినిట్సులో రాసుకున్నారు.

రేవటిపాడులో హైమావతి గది ముందు వరుస గేటు దాటి రోడ్డు మీదకొచ్చింది. సరుకు మాత్రం గదినిండా ఉంది. రెడ్ అలర్టు నాటి ఐదువందలమంది మందులు, ఎవరూ వెనక్కి అడగలేదు. లేని జబ్బుకి ఉన్న మందుల లెక్క అడిగే నిబంధన లేదు. ఆమె కేంద్రం కిటికీలన్నీ తీయించి, కుర్చీలు దూరదూరంగా వేయించి, ఒక్కొక్కరినే పిలుస్తోంది. ఉదయం నుంచీ ఆమెకి వరండా అవతల నుంచి ఒక దగ్గు వినిపిస్తోంది. ఆగి ఆగి, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని దొంగచాటుగా దగ్గుతున్న దగ్గు. వరుసలో ఎవరిదీ కాదది.

బయటికొచ్చి చూస్తే గవరయ్య. పొగకి కళ్ళు వాచిపోయి, విసనకర్ర పక్కన పడేసి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఉన్నాడు. ఆవిణ్ణి చూసి గబగబా లేచాడు.

“నేదండి, నేదండి. దగ్గు కాదండి. గొంతు సవరించుకున్నానండి. తమరు రాసీకండి, పిల్లలుగలవాణ్ణి. కుంపటోడే దగ్గినాడంటే ఉద్యోగం తీసీగలరు.”

హైమావతి అతని జబ్బ పట్టుకుని గదిలోకి తీసుకొచ్చింది. బల్ల మీద కూర్చోబెట్టి, చొక్కా గుండీలు విప్పమని, స్టెతస్కోపు వీపుకి ఆనించింది. అతను ఊపిరి బిగబట్టి, కిటికీలోంచి పెట్టెకేసి భయంగా చూస్తున్నాడు.

“దగ్గవయ్యా” అంది హైమావతి. “అది బయటుంది. లోపల ఉన్నది నేనే.”